సిద్దిపేటకు ఐదు ఉప ఎన్నికలు, ముగ్గురే ఎమ్మెల్యేలు: అక్కడి ఓటరుగా నా జవాబు

మీరు అడిగింది ఇది: సిద్దిపేట అసెంబ్లీ నియోజకవర్గానికి అన్నిసార్లు ఉప ఎన్నికలు ఎందుకొచ్చాయి? అవి నాయకులు తమ కోసం తెచ్చిపెట్టుకున్నవా, అక్కడి జనానికి వాటివల్ల ఏమైనా ఒరిగిందా?

నేను పుట్టింది చిన్నకోడూరు మండలంలోని ఒక ఊళ్లో. 2003 నుంచి సిద్దిపేట పట్టణంలో జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. నా మొదటి ఓటే ఉప ఎన్నికలో వేశాను, 2001లో. ఆ తర్వాత 2004లో రెండుసార్లు, 2008లో, 2009లో, 2010లో వేశాను. అంటే నాకు 30 ఏళ్లు నిండకముందే అసెంబ్లీకి ఆరుసార్లు ఓటు వేశాను. మామూలుగా ఐదేళ్లకు ఒకసారి వచ్చే పండగ మాకు ఏడాది తిరక్కుండానే వచ్చిన సందర్భాలున్నాయి.

ముందు లెక్క చెప్తాను. 1970, 2001, 2004, 2008, 2010. ఇవీ ఐదు ఉప ఎన్నికలు. ఇంకో లెక్క చాలామంది గమనించరు. 1970 నుంచి ఇప్పటిదాకా మామూలువీ, ఉప ఎన్నికలూ కలిపి 17 ఎన్నికలు జరిగితే గెలిచినవాళ్లు ముగ్గురే. అనంతుల మదన్ మోహన్ నాలుగుసార్లు, కె.చంద్రశేఖర్ రావు ఆరుసార్లు, ఆయన మేనల్లుడు టి.హరీశ్ రావు ఏడుసార్లు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప మీ ప్రశ్నకు జవాబు దొరకదు.

1970 సంగతి నాకు మా బాపు చెప్పిందే. అప్పటికి ఆయనకు 14 ఏళ్లు. 1969 ఉద్యమం అణిగిపోయి ఎక్కువ కాలం కాలేదు. ఆ ఉద్యమంలో 369 మంది ప్రాణాలు పోయాయని ఉద్యమకారులు చెప్పే లెక్క. మా వైపు ఊళ్లలో గోడల మీద జాజుతో రాసిన 'జై తెలంగాణ' ఇంకా చెరిగిపోలేదట. 1967లో ఇక్కడ కాంగ్రెస్ తరఫున గెలిచిన వి.బి.రాజు రాజ్యసభకు వెళ్లడంతో సీటు ఖాళీ అయింది. తెలంగాణ ప్రజాసమితి తరఫున మదన్ మోహన్ నిలబడ్డారు. ఆయన యువ వకీలు. గెలిచారు. ఆ మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ప్రజాసమితి తెలంగాణలోని 14 సీట్లకు 10 గెలుచుకుంది. మా బాపు దృష్టిలో ఆ గాలి మొదలైంది సిద్దిపేటలోనే.

గెలిచాక ఏమైందో కూడా చెప్పాలి. ప్రజాసమితి 1971లోనే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. కలవడానికి ఒప్పుకోనివాళ్లు సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి పెట్టుకుని 1972 ఎన్నికల్లో పోటీ చేస్తే, రాష్ట్రం మొత్తం మీద వాళ్లకు దక్కింది ఒక్కటే సీటు. అది సిద్దిపేట. మదన్ మోహన్ మళ్లీ గెలిచారు. తర్వాత ఆయనా కాంగ్రెస్ దారే పట్టి 1978లో, 1983లో గెలిచారు. 'మనం గెలిపించి పంపితే వాళ్లు పోయి కలిసిపోయిండ్రు' అని మా బాపు అనే మాట వెనక ఉన్నది ఆ 1971 బాధే. 2001లో ఊళ్లల్లో పెద్దవాళ్లు కొత్త పార్టీని నమ్మడానికి వెనకాడింది కూడా అందుకే. ఈ అపనమ్మకం తెలియకపోతే తర్వాతి రాజీనామాలకు అంత బరువు ఎందుకొచ్చిందో అర్థం కాదు.

1983లో చంద్రశేఖర్ రావు తెలుగుదేశం తరఫున తొలిసారి పోటీ చేసింది, తనకు రాజకీయం నేర్పిన మదన్ మోహన్ మీదే. 877 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇప్పటికీ మా దగ్గర పెద్దమనుషులు కూర్చుంటే ఈ 877 మాట రాకుండా పోదు. 1985 మధ్యంతరంలో గెలిచారు, ఇక ఆ తర్వాత ఆయన ఇక్కడ ఓడిపోలేదు.

మా నాయనమ్మకు మాత్రం ఆయన పేరు చెప్తే గుర్తొచ్చేది పార్టీ కాదు, నీళ్లు. మా ఊళ్లో చేదబావి ఎండిపోతే వ్యవసాయ బావుల దాకా బిందెలతో నడిచేవాళ్లు. నేను చిన్నప్పుడు ఆమె వెంట వెళ్లేవాణ్ని. ఆమె నెత్తిమీద చుట్టబట్ట, దానిమీద ఒకదానిపై ఒకటి రెండు బిందెలు, చంకలో ఇంకోటి. 1990లలో దిగువ మానేరు నుంచి పైపులు వేసి నీళ్లు తెచ్చారు. తర్వాత రాష్ట్రమంతా తలపెట్టిన మిషన్ భగీరథకు ఈ పథకమే నమూనా అని చెప్పుకుంటారు. నీళ్లు వచ్చిన రోజు నాయనమ్మ నల్లా కింద చెయ్యి పెట్టి, అది నిండిపోయి కారుతున్నా తీయకుండా అలాగే కూర్చుంది. అది నా కళ్లారా చూశాను.

2001 ఏప్రిల్‌లో చంద్రశేఖర్ రావు డిప్యూటీ స్పీకర్ పదవికి, తెలుగుదేశానికి, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి, 27న తెలంగాణ రాష్ట్ర సమితి (టీఆర్ఎస్) పెట్టారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. పార్టీ మారితే పదవి వదలాలనే పట్టింపు ఆ రోజుల్లోనూ చాలామందికి లేదు. ఆయన వదిలారు కాబట్టి ఉప ఎన్నిక వచ్చింది. సెప్టెంబరులో జరిగిన ఆ ఎన్నికలో 58 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. నా మొదటి ఓటు అదే. వేలు మీద సిరా చూసుకుంటూ సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి రావడం ఇంకా యాదికుంది.

2004 ఉప ఎన్నికకు కారణం వేరు, దాన్ని మిగతావాటితో కలపకూడదు. ఆ ఏడాది ఆయన సిద్దిపేట అసెంబ్లీకీ, కరీంనగర్ లోక్‌సభకూ రెండింటికీ పోటీ చేసి రెండూ గెలిచారు. ఒకే మనిషి పార్లమెంటులోనూ శాసనసభలోనూ ఉండకూడదు. 14 రోజుల్లో శాసనసభ సీటు వదలకపోతే పార్లమెంటు సీటు పోతుంది. ఆయన సిద్దిపేట వదిలారు. హరీశ్ రావు అప్పటికి ఎమ్మెల్యే కాదు, అయినా వైఎస్ రాజశేఖర రెడ్డి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. సభ్యుడు కాని మంత్రి ఆరు నెలల్లోగా ఎన్నిక కావాలి కాబట్టి ఆ ఖాళీలో నిలబడి గెలిచారు. మెజారిటీ 24 వేల పైచిలుకు. 2001తో పోలిస్తే సగం కూడా కాదు. నా అభిప్రాయం అడిగితే, జనం ఇక్కడే తేడా చూపించారు. ఉద్యమం కోసం సీటు వదిలితే ఒక తీరు, రెండు సీట్లు గెలిచి ఒకటి వదిలితే ఇంకో తీరు.

2008లో టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు 16 మంది, ఎంపీలు నలుగురు తెలంగాణ కోసమని రాజీనామా చేశారు. అప్పుడు మా ఇంట్లో జరిగిన మాట ఒకటి చెప్తాను. నాయనమ్మ బీడీలు చుట్టుకుంటూ అడిగింది: "మొన్ననే గద బిడ్డా ఓటేసినం, మల్ల ఏమొచ్చింది?"

"రాజీనామా చేసిండే అవ్వా, తెలంగాణ ఇయ్యలేదని" అన్నాడు బాపు.

ఆమె కాసేపు ఆలోచించి అన్నది: "అట్లయితే మల్ల గాయనకే ఇయ్యాలె గద. లేకుంటే వట్టిగ పోగొట్టుకున్నట్టయితది."

ఉప ఎన్నికల గురించి టీవీల్లో ఎంతోమంది విశ్లేషణలు విన్నాను. మా దగ్గరి ఓటరు మనసులో ఉన్నది ఇంత సూటిగా చెప్పినవాళ్లను చూడలేదు. పదవి నీకోసం వదిలాడు, దాన్ని తిరిగి ఇవ్వడం నీ బాధ్యత. అయితే ఈ లెక్క అన్నిచోట్లా పనిచేయలేదు. ఆ 16 సీట్లలో టీఆర్ఎస్ నిలబెట్టుకున్నవి 7, లోక్‌సభ నాలుగింటిలో రెండు. ఫలితాల రోజు మా షాపులో చిన్న టీవీ ముందు నిలబడ్డ కుర్రాళ్ల ముఖాల్లో నెత్తురుచుక్క లేదు. సిద్దిపేటలో మెజారిటీ 58 వేలు దాటినా ఎవరూ టపాకాయలు కాల్చలేదు. ఇంత కష్టపడి రాజీనామా చేస్తే సగం కూడా రాలేదని ఢిల్లీలో ఏమనుకుంటారోనన్నదే అందరి టెన్షన్.

2010 మాత్రం పూర్తిగా వేరు. 2009 నవంబరు 29న చంద్రశేఖర్ రావు నిరాహార దీక్షకు పెట్టుకున్న చోటు సిద్దిపేట శివారు రంగధాంపల్లి. శిబిరం సిద్ధంగా ఉంది, జనం ఉన్నారు, ఆయన మాత్రం రాలేదు. కరీంనగర్ దగ్గర అలుగునూరులోనే అరెస్టు చేసి ఖమ్మం తీసుకుపోయారు. డిసెంబరు 9న తెలంగాణ ఇస్తామని కేంద్రం ప్రకటన, డిసెంబరు 23న దాని మీద వెనకడుగు, 2010 ఫిబ్రవరిలో తెలంగాణ విషయం తేల్చడానికని కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీకి విధివిధానాలు. వాటికి నిరసనగా టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు 10 మందీ రాజీనామా చేశారు. మరో ఇద్దరితో కలిపి మొత్తం 12 సీట్లకు జులై 27న ఎన్నిక జరిగింది.

ఆ నామినేషన్ల రోజులు నేను దగ్గర నుంచి చూశాను, ఎందుకంటే కాగితాలన్నీ మా షాపు మీదుగానే పోయేవి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ప్రతిపాదించేవాడు ఒక్కడు చాలు. స్వతంత్రుడికి పది మంది కావాలి, పది మందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. ఒక్కొక్కరికి ఓటరు జాబితాలో భాగం నంబరు, వరస నంబరు రాయాలి. ఒక్క అంకె తప్పినా పరిశీలనలో కాగితం పక్కన పడేస్తారేమోనని వాళ్ల భయం. అందుకే కుర్రాళ్లు జాబితా పేజీలు పట్టుకొచ్చి, స్కేలు అడ్డం పెట్టి, నంబర్లు చదువుతుంటే ఇంకొకడు రాసుకునేవాడు. డిపాజిట్ ఆ ఏడాదే అసెంబ్లీకి 5 వేల నుంచి 10 వేలకు పెరిగింది. అయినా వచ్చారు. అప్పట్లో ఓటింగ్ యంత్రంలో 64 మందికి మించి పేర్లు పట్టవు. ఆ ఉప ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాల్లో అభ్యర్థులు 64 దాటిపోయి బ్యాలెట్ పేపర్లు తెప్పించాల్సి వచ్చింది. యంత్రాల మీద అనుమానం ఉన్నవాళ్లకు అప్పుడు ఇదొక దారి అయింది.

టీఆర్ఎస్ తన పది సీట్లు నిలబెట్టుకోవడమే కాదు, 12లో 11 గెలిచింది. మిగిలిన నిజామాబాద్ అర్బన్ బీజేపీది. సిద్దిపేటలో మెజారిటీ 95 వేలు దాటింది. ఆ సాయంత్రం మా షాపు ముందు రోడ్డంతా గులాబీ రంగు. నాయనమ్మ చూపుడు వేలు నాకు చూపించి, "ఇంకెన్నిసార్లు రుద్దుతరో చూస్త" అన్నది. అదే ఆమె చివరి ఓటు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చేసరికి ఆమె లేదు.

ఇక జనానికి ఒరిగిందా అన్న మాట. రాష్ట్రం ఒక్క సిద్దిపేట వల్ల రాలేదు, విద్యార్థులు, ఉద్యోగులు, ప్రాణాలు తీసుకున్న పిల్లలు ఉన్నారు. కానీ ఢిల్లీకి ఓట్ల భాషలో జవాబు చెప్పాల్సిన ప్రతిసారీ మావాళ్లు వరుసలో నిలబడ్డారు. నేను గర్వపడేది అందుకే. కనిపించే లాభాలూ ఉన్నాయి. ఇదివరకు జిల్లా పనికి వంద కిలోమీటర్లు దాటి సంగారెడ్డి పోవాల్సి వచ్చేది, 2016 దసరాకు సిద్దిపేటే జిల్లా అయింది. 2020లో మా మండలంలోని చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్‌లోకి గోదావరి నీళ్లు వచ్చాయి. ఆ జలాశయం కింద భూములు పోయిన కుటుంబాలూ మా చుట్టుపక్కలవే. వాళ్లను వదిలేసి లాభం లెక్క రాయకూడదు.

నష్టమూ ఉంది, దాచను. రాజీనామా చేసినవాణ్ని తిరిగి గెలిపించడం మాకు అలవాటైపోయింది. రాష్ట్రం వచ్చాక రాజీనామాలు లేవు, కానీ ఆ అలవాటు పోలేదు. 2018లో మెజారిటీ 1,18,699. 2023లో పార్టీ రాష్ట్రంలో అధికారం పోగొట్టుకున్నా ఇక్కడ 82 వేలు దాటింది. హరీశ్ రావు పిలిస్తే పలికే మనిషి, పనిచేసే మనిషి, అది నేను కాదనను. కానీ 1985 నుంచి వరుసగా 13 ఎన్నికలు ఒకే కుటుంబం గెలిస్తే, ఎదుటి పార్టీలు ఇక్కడ గట్టి మనిషిని తయారు చేయడమే మానేశాయి. మా వార్డు సమస్య మీద ఎమ్మెల్యేను నిలదీసే ప్రతిపక్షం కోసం నేను వెతికిన రోజులున్నాయి, దొరకలేదు. 877 ఓట్ల తేడాతో గెలుపోటములు తేలిన ఊరు ఇది. ఆ పోటీ మళ్లీ రావాలని నేను నిజంగా కోరుకుంటాను.

మా అమ్మాయి 2008 ఉప ఎన్నిక జరిగిన నెలలోనే పుట్టింది. షెడ్యూలు ప్రకారం జరిగితే తొలి అసెంబ్లీ ఓటు 2028లో వేస్తుంది. మొన్న ఈ కథంతా చెప్తుంటే విని, "అప్పుడు మీరు ఓటేసేటప్పుడు ఏం అడిగారు నాన్నా?" అంది. తెలంగాణ అడిగాం అన్నాను. "మరి నేనేం అడగాలి?" అంది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ పోకుండా ఇక్కడే ఉద్యోగం దొరకాలన్నది దాని కోరిక. నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోమన్నాను.