జీతమూ ఆయిలే, పొదుపూ ఆయిలే అయితే?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. 2021లో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) మీద కెనడాలోని కాల్గరీ వచ్చాం. ఫోర్ట్ మెక్‌మరీ దగ్గర భూమిలోకి ఆవిరి పంపి బిట్యుమెన్ (తారులాంటి చిక్కటి నూనె) తీసే ప్లాంటులో ప్రాసెస్ ఇంజినీరుని. కంపెనీ షేర్ ప్లాన్‌లో 68,000 డాలర్లు చేరాయి. టీఎఫ్‌ఎస్‌ఏలో (లాభం మీద పన్ను పడని పొదుపు ఖాతా) 20,000 పెట్టి మరో రెండు ఆయిల్ శాండ్స్ (ఇలా ఇసుక నుంచి నూనె తీసే) కంపెనీల షేర్లు కొన్నాను. పసిఫిక్ తీరానికి నూనె చేర్చే ట్రాన్స్ మౌంటెన్ పైపులైను విస్తరణ పూర్తయింది, డివిడెండ్లూ బాగున్నాయి. రాబోయే 30,000 బోనస్ కూడా వీటిలోనే పెట్టమంటారా? వచ్చే ఏడాది మార్ట్‌గేజ్ రెన్యువల్ (ఇంటి అప్పు గడువు ముగిసి కొత్త రేటు కుదుర్చుకోవడం) ఉంది. గుంటూరులో ఒక ఖాళీ స్థలం ఉంది.

జవాబు: పెట్టకండి. ఆ కంపెనీలు చెడ్డవని కాదు. ఒకసారి బావి తవ్వి ఆవిరి ఎక్కిస్తూ ఉంటే ఏళ్ల తరబడి ఉత్పత్తి నిలకడగా వచ్చే వ్యాపారం అది. ఇబ్బందల్లా ఏమిటంటే మీ జీతం, బోనస్, షేర్లు, చివరికి కాల్గరీలో మీ ఇంటి ధర కూడా ఒకే అంకె మీద ఆధారపడి ఉన్నాయి. అది టీవీలో చూపించే డబ్ల్యూటీఐ (అమెరికా తేలిక నూనె) ధర కాదు. అల్బర్టాలోని పైపుల కూడలి హార్డిస్టీ దగ్గర వెస్టర్న్ కెనడియన్ సెలెక్ట్ అనే బరువైన నూనెకి దొరికే ధర. అంటే డబ్ల్యూటీఐలోంచి ఆ రెండింటి మధ్య ఉండే తేడా తీసేస్తే మిగిలేది.

ఆ తేడా మీ కంపెనీని ఎలా తాకుతుందో లెక్క వేసి చూడండి. బిట్యుమెన్ దానంతటది పైపులో పారదు కాబట్టి సుమారు 30 శాతం డైల్యూయెంట్ (పలచన చేసే తేలిక ద్రవం) కలుపుతారని మీకు తెలుసు. ఆ డైల్యూయెంట్‌ను తేలిక నూనె ధరకు దగ్గరగా కొనాలి. డబ్ల్యూటీఐ 65 డాలర్లు, తేడా 12 అనుకుందాం. కలిపిన పీపా 53కి అమ్ముడవుతుంది. అందులో డైల్యూయెంట్ ఖర్చు 19.50 తీసేస్తే 0.7 పీపా బిట్యుమెన్‌కి మిగిలేది 33.50, అంటే పీపాకి సుమారు 48 డాలర్లు. ఇప్పుడు డబ్ల్యూటీఐ కదలకుండా తేడా మాత్రం 25కి పెరిగిందనుకోండి. అదే లెక్కలో బిట్యుమెన్ పీపా 29 దగ్గరికి పడిపోతుంది. దాదాపు 39 శాతం ఆవిరి! ఆవిరి కాచే గ్యాసు బిల్లు, ప్రభుత్వానికి కట్టే రాయల్టీ, రవాణా ఇంకా తీయనే లేదు.

ఈ తేడాను పెంచేదీ తగ్గించేదీ ఎక్కువగా సరిహద్దు దాటే పైపులే. 2018 చివర్లో పైపులు నిండిపోయి తేడా 40 డాలర్లు దాటితే, 2019 జనవరి నుంచి అల్బర్టా ప్రభుత్వమే ఉత్పత్తికి కోత పెట్టింది. 2021 జనవరిలో అమెరికాకి వేయబోయిన కీస్టోన్ ఎక్స్‌ఎల్ పైపులైను అనుమతి వాషింగ్టన్‌లో ఒక్క సంతకంతో రద్దయింది. 2025 మార్చిలో అమెరికా కెనడా ఎనర్జీ మీద 10 శాతం సుంకం అమల్లోకి తెచ్చి, రోజుల్లోనే వాణిజ్య ఒప్పందానికి లోబడిన సరుకును మినహాయించింది. మిగతా సరుకుకి 25 శాతం వేసి దీనికి 10తో సరిపెట్టడానికి కారణం ఉంది: అమెరికా మిడ్‌వెస్ట్ రిఫైనరీలు ఈ బరువైన నూనె కోసమే కోకర్లు (దాన్ని విడగొట్టే యూనిట్లు) కట్టుకున్నాయి.

ట్రాన్స్ మౌంటెన్ మీద మీ నమ్మకం సగం సరైనదే. 2024 మేలో దాని సామర్థ్యం రోజుకి 3 లక్షల పీపాల నుంచి 8.9 లక్షలకి పెరిగింది, తేడా తగ్గింది. కానీ ఈ సంగతి షేర్ మార్కెట్‌కి మీకంటే ముందే తెలుసు. పైగా ఇప్పటికీ సరుకులో ఎక్కువ భాగం వెళ్లేది దక్షిణాన అమెరికాకే. డివిడెండ్ల విషయానికొస్తే, 2020లో ఆయిల్ శాండ్స్ కంపెనీల్లో సన్‌కోర్ 55 శాతం కోసింది, సెనోవస్ ఏకంగా ఆపేసింది. మనుషుల్ని తీసేసేదీ సరిగ్గా అలాంటి నెలల్లోనే.

ఇప్పుడు చేయాల్సినవి. షేర్ ప్లాన్ ఆపొద్దు, కంపెనీ కలిపే వాటా పూర్తిగా తీసుకోండి. వెస్ట్ అయిన (పూర్తిగా మీ సొంతమైన) షేర్లను మాత్రం అమ్మడం మొదలుపెట్టండి. ముందు ప్లాన్ పత్రం చదవండి, కొన్నిచోట్ల అమ్మితే కొన్ని నెలలు మ్యాచింగ్ (కంపెనీ కలిపే వాటా) ఆపుతారు. త్రైమాసిక ఫలితాల ముందు అమ్మకూడని రోజులుంటాయి, హెచ్‌ఆర్‌ని అడగండి. కంపెనీ ఇచ్చిన వాటా మీద ఇప్పటికే జీతంతోపాటు పన్ను కట్టారు కాబట్టి ఆ మొత్తాన్ని కొనుగోలు ధరలో కలపాలి. ఇది మరిచి లాభం ఎక్కువ చూపించి అనవసరంగా పన్ను కట్టేవాళ్లు చాలామంది. నష్టానికి అమ్మితే ఇంకో చిక్కు: ముందు 30 రోజులు, తర్వాత 30 రోజుల్లో మీరుగానీ మీ ఆవిడగానీ అదే షేరు కొని ఉంచుకుంటే ఆ మేరకు నష్టం చెల్లదు. జీతం నుంచి ప్రతి పక్షం ప్లాన్ కొనేవి కూడా లెక్కలోకి వస్తాయి.

టీఎఫ్‌ఎస్‌ఏలోని రెండు షేర్లనూ లోపలే అమ్మి లోపలే ప్రపంచవ్యాప్త ఈటీఎఫ్ (చాలా కంపెనీల షేర్లున్న ఫండ్) కొనండి, డబ్బు బయటికి తీయొద్దు. టొరంటో సూచీ ఈటీఎఫ్ ఒక్కటే తీసుకుంటే ఎనర్జీ దొడ్డిదారిన మళ్లీ వచ్చేస్తుంది. ఒక జాగ్రత్త: టీఎఫ్‌ఎస్‌ఏలో వేయడానికి 2025 వరకు మొత్తం 1,02,000 అని అందరూ చెప్పే పరిమితి మీకు వర్తించదు. 2021లో వచ్చారు కాబట్టి 2025 వరకు మీది 32,500 మాత్రమే. దాటితే నెలకి 1 శాతం జరిమానా.

బోనస్‌లో ముందు ఇంటి ఖర్చులకి 9 నెలల నగదు పూర్తి చేయండి. ఉద్యోగం పోతే ఈఐ (ప్రభుత్వ ఉద్యోగ బీమా) ఇచ్చేది జీతంలో 55 శాతమే, 2025లో గరిష్ఠం వారానికి 695 డాలర్లు. మిగిలింది ఆర్‌ఆర్‌ఎస్‌పీకి (రిటైర్మెంట్ పొదుపు ఖాతా). రూమ్ (ఇంకా వేయగల పరిమితి) ఉందని సీఆర్‌ఏ (కెనడా పన్ను శాఖ) నోటీసు చూపిస్తే కంపెనీ నేరుగా పంపగలదు, అప్పుడు ఆ మొత్తం మీద ఆదాయపు పన్ను ముందే కోయరు. మార్ట్‌గేజ్ కోసం రెన్యువల్‌కి నాలుగు నెలల ముందే రేట్లు అడగండి. బ్యాంకు మారాలంటే జీతం స్లిప్పులు కావాలి, ఉద్యోగం లేనప్పుడు పాత బ్యాంకు ఇచ్చిన రేటుకే తలూపాల్సి వస్తుంది.

అన్నీ సర్దుకున్నాక ఆయిల్ వాటా, ప్లాన్ షేర్లతో కలిపి, మీ పెట్టుబడుల్లో 10 శాతం మించకుండా చూసుకోండి.

గుంటూరు స్థలం సంగతి మీరు పక్కన పెట్టేసినట్టున్నారు. విదేశీ ఆస్తుల మొత్తం 1,00,000 కెనడియన్ డాలర్లు దాటితే సీఆర్‌ఏకి టీ1135 ఫారం వేయాలి. లెక్కలోకి వచ్చేది మీరు ఎప్పుడో కొన్న ధర కాదు, కెనడా నివాసి అయిన రోజు మార్కెట్ విలువ. ఆ తేదీకి ఒక వాల్యుయేషన్ రిపోర్టు తెప్పించుకోండి. ఆలస్యమైతే జరిమానా రోజుకి 25 డాలర్లు, ఏడాది ఫారానికి 2,500 వరకు.