401కె నిండుగా ఉంది, చేతిలో మాత్రం డబ్బు లేదు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. డాలస్‌లో ఉంటున్నాం. భార్యాభర్తల జీతాలు కలిపి 2,00,000 డాలర్లు. ఇద్దరి 401కెలలో (కంపెనీ ద్వారా జీతంలోంచి దాచుకునే రిటైర్మెంట్ ఖాతాలు) 6,20,000 ఉన్నాయి, బ్యాంకులో 30,000. నా 401కె పరిమితి మేరకు నింపుతున్నాను, మా ఆవిడ కంపెనీ మ్యాచ్ (కంపెనీ తన వంతుగా జతచేసే డబ్బు) వచ్చేంతవరకే కడుతోంది. కారు లోన్ తీరిపోవడంతో నెలకు 1,500 మిగులుతోంది. 55కి ఉద్యోగం మానేయాలని ఉంది. ఈ డబ్బు ఆవిడ 401కెలో వేయాలా, బ్రోకరేజ్ ఖాతాలోనా (షేర్లు, ఫండ్లు కొని ఎప్పుడైనా అమ్ముకోగలిగే మామూలు ఖాతా)?

జవాబు: వెయ్యి బ్రోకరేజ్‌లో, మిగతా ఐదొందలు మీ శ్రీమతి 401కెలో వేయండి.

పన్ను ఒక్కటే చూసుకుంటే మొత్తం 401కెకే వెళ్లాలి. మీరున్నది 22 శాతం శ్లాబు, ఇప్పుడు ఆ మేరకు పన్ను మిగులుతుంది. రిటైరయ్యాక ఆదాయం తగ్గుతుంది కాబట్టి తీసేటప్పుడు అంత పడదు. కానీ మీరు దాచిన దాంట్లో తొంభై శాతం పైనే 59½ ఏళ్లు నిండితే గానీ చేతికి రాని చోట ఉంది. ముందే తీస్తే పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ. 55 నిండే ఏడాదిలోనో ఆ తర్వాతో ఉద్యోగం మానేస్తే ఆ కంపెనీ 401కెకి ఈ పెనాల్టీ ఉండదు, నిజమే. అయితే దాన్ని ఐఆర్ఏలోకి (కంపెనీతో సంబంధం లేని సొంత రిటైర్మెంట్ ఖాతా) మార్చారంటే ఆ వెసులుబాటు పోతుంది. కొన్ని ప్లాన్లు విడతలుగా తీయనివ్వవు కూడా, మీ హెచ్ఆర్‌ని ఇప్పుడే అడగండి. అన్నిటికన్నా నా టెన్షన్ 52లో లేఆఫ్ వస్తే ఏంటన్నది. అప్పుడు ఈ మినహాయింపు మీకు వర్తించదు.

బ్రోకరేజ్ ఉంటే పన్ను కూడా మీ చేతుల్లో ఉంటుంది. 60 ఏళ్లప్పుడు ఇద్దరికీ ఏడాదికి 80,000 కావాలనుకోండి. అంతా 401కె నుంచే తీస్తే, 2025 లెక్కల ప్రకారం 31,500 స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఇచ్చే పన్ను మినహాయింపు) పోను మిగిలిన 48,500 మీద 5,300 పైచిలుకు ఫెడరల్ పన్ను. అదే 31,500 మాత్రం 401కె నుంచి తీసి, మిగతాది ఏడాది దాటిన ఫండ్లు అమ్మి తెచ్చుకుంటే పన్ను సున్నా. ఇలాంటి లాంగ్ టర్మ్ లాభం మీద జంటకి 2025లో 96,700 పన్ను పడే ఆదాయం దాకా రేటు సున్నాయే. టెక్సాస్‌లో స్టేట్ ఆదాయపు పన్ను ఎలాగూ లేదు.

ఎక్కడ ఏం కొనాలన్నది కూడా చూసుకోండి. బాండ్లు 401కెలో పెట్టండి, వాటి వడ్డీ బయట ఉంటే ఏటా మామూలు రేటుకి పన్ను కట్టాలి. బ్రోకరేజ్‌లో విస్తృతమైన ఇండెక్స్ ఈటీఎఫ్ (మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్) చాలు. ఆ వెయ్యితో ఇండియా మ్యూచువల్ ఫండ్లు మాత్రం కొనకండి. అమెరికా పన్ను చట్టం వాటిని పీఎఫ్ఐసీలుగా (విదేశీ పెట్టుబడి కంపెనీలుగా) చూస్తుంది, వాటి కోసం ఫారం 8621 నింపడానికి సీపీఏకి (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్‌కి) ఇచ్చే ఫీజుకే మీ లాభం సరిపోతుంది.