అరుణా మిల్లర్ మేరీలాండ్‌లో సొంత బలంతో గెలిచారా?

హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమంతటా గెలిచిన ఎన్నిక ఆమె గెలుపా, గవర్నర్ గెలుపా అని అడిగారు. నేను అక్కడి మోంట్‌గోమరీ కౌంటీ ఓటరుని, నాకు తెలిసింది చెబుతాను.

ఆమె రాష్ట్రవ్యాప్త పదవికి మొదటిసారి నిలబడింది 2022లో, లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నర్ తర్వాతి స్థానానికి. ఢిల్లీలోలా కేంద్రం నియమించే పదవి కాదిది, ఓటేసి ఎన్నుకుంటాం. అయితే ఆమెకు విడిగా ఓటు పడదు. బ్యాలెట్ మీద గవర్నర్ అభ్యర్థి వెస్ మూర్ పేరు, ఆమె పేరు కలిసే ఉంటాయి, ఇద్దరికీ కలిపి ఒకే ఓటు. జులైలో డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, అంటే ప్రైమరీలో, ఈ జంటకు వచ్చింది 32 శాతం చిల్లర, అదే పార్టీ ప్రత్యర్థి టామ్ పెరెజ్‌కి 30. పోస్టల్ ఓట్లు లెక్కయ్యేదాకా మా ఇంట్లో అందరికీ టెన్షనే. నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి డాన్ కాక్స్ మీద మాత్రం 64 శాతం పైగా ఓట్లతో సునాయాసంగా గెలిచారు.

కాబట్టి లెక్క ప్రకారం అది ఉమ్మడి గెలుపు. కానీ మూర్ ఆమెనే ఎందుకు ఎంచుకున్నారో చూడాలి. ఆయన అంతకుముందు ఏ పదవికీ ఎన్నిక కాలేదు. ఆమె మా కౌంటీ రవాణా శాఖలో ఏళ్ల తరబడి ఇంజినీరు. 15వ జిల్లా అనే నియోజకవర్గం నుంచి 2010లో, 2014లో సొంత పేరుతో గెలిచి శాసనసభలో పనిచేశారు. ఆ అనుభవం ఆయనకు అవసరమైంది.

నా దృష్టిలో ఆమె సత్తా తెలిసింది ఓడిపోయిన 2018 ఎన్నికలో. శాసనసభ సీటు వదులుకుని 6వ జిల్లా నుంచి కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, డెమొక్రటిక్ ప్రైమరీలో పోటీ చేశారు. మా శివార్ల నుంచి పడమటి కొండల దాకా సాగే నియోజకవర్గం అది. ఎదురుగా డేవిడ్ ట్రోన్, సొంత డబ్బే కోటి డాలర్లకు పైగా పెట్టిన వ్యాపారి. అప్పుడు ఆమె కోసం నేనూ ఇల్లిల్లూ తిరిగాను. తెలుగువాళ్లు ఆప్యాయంగా మాట్లాడేవారు, కానీ చాలామందికి ఓటు హక్కు లేదు. ఉన్నవాళ్లలోనూ కొందరు డెమొక్రాట్లుగా నమోదు చేసుకోలేదు, ఇక్కడ ఆ నమోదు లేకుండా ఆ పార్టీ ప్రైమరీలో ఓటేయలేరు. అంత డబ్బుకి ఎదురు నిలిచి కూడా ఎనిమిదిమంది పోటీలో దాదాపు 31 శాతం తెచ్చుకుని రెండో స్థానంలో నిలిచారు. ట్రోన్‌కి వచ్చింది 40.

పక్కనున్న వర్జీనియాలో ఇదే పదవికి విడిగా ఓటేస్తారు. 2025లో అక్కడ గెలిచిన గజాలా హష్మీ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే. విడిగా తన పేరు మీదే పడిన ఓట్లతో రాష్ట్రమంతటా గెలిచినవారు కావాలంటే హష్మీ పేరు చెప్పాలి.