దైవం తలచాడా, తలచిందా?

సందేహం: మా అబ్బాయి ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లాలని రెండేళ్లు కష్టపడ్డాడు. వీసా రెండుసార్లు రిజెక్ట్ అయింది. చివరికి హైదరాబాద్‌లోనే ఉద్యోగంలో చేరాడు. ఆ సంగతి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో చెబుతూ ‘మేమొకటి తలిస్తే దైవం మరొకటి తలచాడు. దేవుడి మీద భారం వేశాం’ అని రాశాను. ‘తలచాడు కాదు బావా, తలచింది అనాలి’ అని మా బావమరిది. ‘దేవుణ్ణి పట్టుకుని తలచింది ఏమిట్రా’ అని మా ఆవిడ. ‘భారం వేశాం అంటే చేతులెత్తేశాం అనేగా మావయ్యా?’ అని మా మేనకోడలు. ఎవరి మాట ఒప్పు?
- ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: వ్యాకరణం మీ బావమరిది పక్షానే ఉంది. ‘దేవుడు’ మహద్వాచకం, అంటే మగవారిని చెప్పే మాట, కాబట్టి ‘తలచాడు’. ‘దైవం’ (దైవము) ‘ము’తో ముగిసే ముకారాంతం, అమహద్వాచకం, అంటే మగవారిని కాక మిగతావాటిని చెప్పే మాట, కాబట్టి ‘తలచింది’. ‘అమహత్తు’ అంటే గొప్పది కానిది అని అర్థం కదా, దైవాన్ని అందులో వేశారేమని మీ ఆవిడగారికి కోపం రావచ్చు. అది వ్యాకరణం పెట్టుకున్న పేరే తప్ప తీర్పు కాదు. ‘మా కులదైవం కాపాడింది’ అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ‘ఇలవేల్పు’ అన్నా అంతే.

మరి మీకు ‘తలచాడు’ అని ఎందుకొచ్చింది? తప్పు మీ ఒక్కరిదే కాదు, సామెతది కూడా. ‘తానొకటి తలచిన దైవమొకటి తలచును’ అన్నది పాత రూపం. వాడు తలచును, ఆమె తలచును, అది తలచును. ఏకవచనంలో ముగ్గురికీ ఒకటే రూపం. లింగం పైకి తెలియదు. దాన్ని ఇప్పటి భాషలోకి మార్చేటప్పుడే మగా, కాదా అని తేల్చుకోవాల్సి వస్తుంది. మీ మనసులో మెదిలింది ఏ వేంకటేశ్వరస్వామో అయివుంటాడు, క్రియ ఆయన్ను అనుసరించింది.

ఆ సామెతలోనే ఇంకో రెండు విశేషాలున్నాయి, మీరు అడగకపోయినా చెబుతాను. ‘తలచిన’ చూడగానే ‘తలచిన పని’లో ఉన్న విశేషణం అనిపిస్తుంది. కాదు. అది ‘తలచినన్’, అంటే ‘తలిస్తే’. దీన్ని చేదర్థకం అంటారు; సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని. రెండోది, సామెతలో ‘మరొకటి’ లేదు. ఒకటి, ఒకటి అంటే చాలు, రెండూ వేరని తెలుగువాడికి అర్థమైపోతుంది. ‘చెప్పేదొకటి, చేసేదొకటి’ అనడం లేదూ? మీ ‘మరొకటి’ తప్పు కాదు గానీ, సామెత బిగువు కాస్త సడలింది.

‘తాను’ సంగతి కూడా చూడండి. మామూలు వాక్యంలో తాను అంటే ఎవరో ముందే తెలిసి ఉండాలి. సామెతల్లో ఆ అవసరం లేదు. ‘తా వలచింది రంభ, తా మునిగింది గంగ’, ‘తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు’. ఈ ‘తాను’ ఊరందరిలో ఎవరైనా కావచ్చు. మీ అబ్బాయి కూడా.

ఇక ‘దైవం’ అర్థం. దేవ శబ్దం మీద పుట్టిన మాట, దేవుడికి సంబంధించినది, దేవుడి నుంచి వచ్చినది అని. సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఇది దేవతల పేర్ల మధ్య లేదు. దిష్టం, భాగధేయం, భాగ్యం, నియతి, విధి, వీటి సరసన ఉంది. అంటే నుదుటిరాత అన్నమాట. భగవద్గీత 18వ అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పి, ఐదోది దైవం అన్నప్పుడూ ఇదే శబ్దం. తెలుగులో మాత్రం ఇష్టదైవం, కులదైవం అంటూ సాక్షాత్తు దేవుడికే వాడుకున్నాం. పాత అర్థం ‘బస్టాండులో దైవికంగా కలిశాం’ వంటి మాటల్లో మిగిలింది. అందుకే మీ వాక్యంలో ‘తలచింది’ అంటే రాత మీదికీ, దేవుడి మీదికీ రెండింటికీ పోతుంది. మీ ఉద్దేశం దేవుడే అయితే ‘దేవుడు ఒకటి తలచాడు’ అని రాసేయండి, ఇంట్లో గొడవ ఉండదు. చర్చికి వెళ్లే మన తెలుగువారు ఇలాంటి చోట ‘దేవుని చిత్తం’ అంటారు, అక్కడ ఈ తికమకే లేదు.

ఒక హెచ్చరిక. బెంగళూరులో చుట్టాలుంటే ‘అంతా దైవాధీనం’ అని కన్నడవాళ్ల గ్రూపులో మాత్రం పెట్టకండి. కన్నడంలో ‘దైవాధీన’ అయ్యారంటే పోయారని.

మీ మేనకోడలి ప్రశ్న నాకు బాగా నచ్చింది. ‘భారం వేసి’ తర్వాత ఏ క్రియ వస్తుందో గమనించమనండి. దేవుడి మీద భారం వేసి ఆపరేషన్‌కు సంతకం పెట్టాం. భారం వేసి బయల్దేరాం. భారం వేసి పిల్లనిచ్చాం. ‘భారం వేసి ముసుగు తన్ని పడుకున్నాం’ అని ఎవరైనా అంటే అది ఎగతాళిగానే వినిపిస్తుంది. చేతులెత్తేసినవాడు పని మానేస్తాడు, భారం వేసినవాడు పని చేస్తూనే టెన్షన్ దించుకుంటాడు. మీరు ‘వేశాం’ అని అక్కడే ఆపేశారు కాబట్టి అమ్మాయికి అనుమానం వచ్చింది. ‘భారం వేసి ఉద్యోగంలో చేర్పించాం’ అని ఉంటే అడిగేది కాదు.

మా అమ్మ దైవం అన్న మాట వాడగా నేను వినలేదు. నా చిన్నప్పుడు మా తిరుపతి ప్రయాణం మూడుసార్లు ఆగింది. ఒకసారి నాకు ఆటలమ్మ పోసింది. ఒకసారి మైల వచ్చింది. ఇంకోసారి ట్రంకుపెట్టె వీధి అరుగు మీదికి చేరాక నాన్న సెలవు రద్దయిందని ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. నాన్న తల పట్టుకుని కూర్చుంటే అమ్మ అంది: ‘ఆయన పిలుపు రాలేదు, మనమే తొందరపడ్డాం. పిలిచినప్పుడే వెళదాం. ముందు ఆ పులిహోర పొట్లాలు విప్పండి, పాడైపోతుంది.’