ఆస్ట్రేలియా పల్లెటూరి తాతమ్మ వివరాలు వెతకాలంటే

నమస్కారమండి. మీ కోడలి తాతమ్మ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో గోధుమ పండించే ఊళ్ళో బతికిందని, పేరు తప్ప ఇంకేమీ తెలియదని, పుట్టబోయే బిడ్డ కోసం ఆ వైపు వంశం కూడా రాసిపెట్టాలనుందని అడిగారు. నేను ఇక్కడి ఆస్ట్రేలియా కుటుంబానికే కోడలిగా వచ్చాను. మా అత్తగారి నాయనమ్మది కూడా విక్టోరియాలోనే, విమెరా అనే ప్రాంతంలో వ్యవసాయ కుటుంబమే. అత్తగారూ నేనూ కలిసి ఆవిడ గురించి వెతికాం. మాకు అర్థమైంది ఇది: ఆ కాలపు పల్లెటూరి ఆడమనిషి తన పేరు మీద ఎక్కడా పెద్దగా కనిపించదు. భర్త పేరు, కొడుకుల పేర్లు, ఊరి పేరు పట్టుకుని వెతకాలి.

ముందు మరణ ధ్రువపత్రం తెప్పించండి. ఇక్కడ జనన మరణాల రికార్డులు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రం దగ్గరే ఉంటాయి. విక్టోరియాలో 1853 నుంచి ఉన్నాయి. మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, పుట్టిన చోటు, పెళ్ళి ఎక్కడ ఏ వయసులో జరిగింది, పిల్లల పేర్లు, ఇన్ని వివరాలు రాసేవారు. కాకపోతే అవి చెప్పింది చనిపోయిన మనిషి కాదు కదా, కొడుకో అల్లుడో చెప్పినవి. అందుకే పెళ్ళి పత్రంతో సరిచూసుకోండి.

జనాభా లెక్కల జోలికి వెళ్ళకండి. బ్రిటన్‌లో దాచినట్టు ఇంటింటి ఫారాలు ఇక్కడ దాచలేదు, లెక్క తేలాక నాశనం చేశారు. వాటి బదులు ఓటర్ల జాబితాలు చూడండి. 1902 చట్టంతో ఆడవాళ్ళకు దేశమంతటా ఓటు వచ్చింది కాబట్టి 1903 నుంచి వాళ్ళ పేర్లుంటాయి. వృత్తి దగ్గర మాత్రం చాలామందికి 'హోమ్ డ్యూటీస్' (ఇంటిపని) అనే రాశారు. తెల్లవారకముందే లేచి పాలు పితికి, వెన్న తీసి అమ్మిన మనిషికి కూడా అదే మాట. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. (అదే చట్టం ఆదివాసుల్లో చాలామందికీ, ఆసియా నుంచి వచ్చినవాళ్ళకీ ఓటు లేకుండా చేసింది. ఇక్కడున్న భారతీయులకు 1925లో గానీ రాలేదు.)

తర్వాత ట్రోవ్. పాత పత్రికలు వెతికి చదువుకునే వెబ్‌సైట్ ఇది, నేషనల్ లైబ్రరీ వాళ్ళది, ఉచితం. పల్లెల్లో వచ్చే చిన్న చిన్న పత్రికలు కూడా అందులో ఉన్నాయి, ఎక్కువగా 1954 వరకు. 'మిసెస్' తర్వాత భర్త పేరులోని మొదటి అక్షరాలు, ఇంటిపేరు, ఊరు కొట్టి చూడండి. మాకు వ్యవసాయ ప్రదర్శనల ఫలితాల్లో ఆవిడ దొరికింది: వెన్నకు మొదటి బహుమతి, ఆప్రికాట్ జామ్‌కు రెండోది. చర్చి విందులూ, బడి పిల్లల పిక్నిక్‌లూ, వీడ్కోలు సభలూ కూడా ఆ పత్రికల్లోనే. 1928 తర్వాతైతే కంట్రీ విమెన్స్ అసోసియేషన్ (పల్లెటూరి ఆడవాళ్ళ సంఘం) శాఖల వార్తలు తప్పక చూడండి.

అన్నిటికంటే విలువైనది మాకు ఆవిడ పెద్దకొడుకు సైనిక ఫైల్లో దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల ఫైళ్ళు నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో ఉచితంగా చదవచ్చు. ఆ అబ్బాయి 1916లో ఫ్రాన్స్‌లో పోజియేర్ దగ్గర చనిపోయాడు. వాడి సామాను ఎప్పుడు పంపిస్తారు, సమాధి ఎక్కడుంది, ఫోటో దొరుకుతుందా అని ఆవిడ మెల్‌బోర్న్‌లోని సైనిక రికార్డుల ఆఫీసుకు రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. ఒక్క ఫోటో కూడా మిగలని నాయనమ్మ చేతిరాత చూసి మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేకపోయారు. మీ కోడలి తాతమ్మకు యుద్ధానికి వెళ్ళిన కొడుకో తమ్ముడో ఉంటే ముందు ఆ ఫైలే తెరవండి. చనిపోయినవాళ్ళ విషయంలో ఇంటివాళ్ళు నింపి పంపిన ఫారం ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ (యుద్ధ స్మారక సంస్థ) దగ్గర వేరేగా ఉంటుంది. బడి, ఊరు, బంధువులు అందులో తెలుస్తాయి.

భూమి ఫైళ్ళు విక్టోరియా పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. 1869 భూమి చట్టం కింద ప్రభుత్వ భూమిని మనిషికి 320 ఎకరాల వరకు ఇచ్చారు. అక్కడ కాపురం ఉండాలి, కంచె వేయాలి, పదో వంతు సాగు చేయాలి. అవన్నీ చేశామని చూపించాలి కాబట్టి ఇంటి కొలతలు, వేసిన పంట దాకా ఫైల్లో రాసుంటాయి. పెళ్ళికాని ఆడవాళ్ళూ, వితంతువులూ సొంతంగా తీసుకోవచ్చు, అందుకే మీ కోడలి తాతమ్మ పుట్టింటి పేరుతో కూడా అడగండి. వీలునామాలు కూడా అక్కడే.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. కొన్ని ఇళ్ళల్లో ఆదివాసీ మూలాలనో, పెళ్ళికి ముందు పుట్టిన బిడ్డనో దాచిపెట్టారు. అలాంటిది బయటపడితే ముందు మీ కోడలికీ, వాళ్ళమ్మగారికీ చెప్పి, రాయాలో వద్దో వాళ్ళనే నిర్ణయించుకోనివ్వండి.

ఆ ఊరి హిస్టారికల్ సొసైటీకి కూడా ఉత్తరం రాయండి. నడిపేది ఎక్కువగా రిటైరైన స్థానికులు, జవాబు ఆలస్యమైనా ఓపిక పట్టండి. బడి రిజిస్టర్లు, శ్మశానం ప్లాన్లు వాళ్ళ దగ్గర ఉండొచ్చు. భర్త పేరు, ఊరు, ఉజ్జాయింపుగా సంవత్సరాలు ఇక్కడ కింద రాస్తే ఏ ఫైల్‌తో మొదలుపెట్టాలో నేను చూసి చెబుతాను. బతికున్నవాళ్ళ పేర్లు మాత్రం రాయకండి.