అల్లుడూ, రాడార్ డిటెక్టర్ కొనేముందు ఇది చదువు

అల్లుడూ,

పోలీసులు కార్ల వేగం కొలిచే రాడార్ తరంగాన్ని ముందే పసిగట్టి మోగే రాడార్ డిటెక్టర్ కారులో పెట్టుకుందామనుకుంటున్నానని, ఏది చూసినా అన్నీ ఒకేలా గొప్పలు చెప్పుకుంటున్నాయని రాశావు. నిజమే, అట్టపెట్టె మీద రాసినవి చదివితే ఏదీ తేలదు. నాకు తెలిసినంత రాస్తాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదువు.

మొదట చట్టం సంగతి చూసుకో. అమెరికాలో మామూలు కారులో చాలా రాష్ట్రాల్లో వాడుకోవచ్చు. కానీ వర్జీనియాలో, వాషింగ్టన్ డీసీలో కుదరదు. 10,000 పౌండ్లు దాటిన వాణిజ్య వాహనాల్లో దేశమంతటా నిషేధం, మిలటరీ స్థావరాల్లోనూ అంతే. కాలిఫోర్నియా, మిన్నెసోటాల్లో డిటెక్టర్ మీద నిషేధం లేదు గానీ, ముందు అద్దానికి ఏదైనా అతికించడం మీద ఆంక్షలున్నాయి, ఆ పేరుతో ఆపొచ్చు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టా, సస్కాచెవాన్ తప్ప మిగతా ప్రావిన్సుల్లో కుదరదు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌లలో కారులో దొరికినా నేరమే. జర్మనీలో కొనుక్కోవచ్చు కానీ నడుపుతూ వాడకూడదు, కాబట్టి షాపులో అమ్ముతున్నారు కదా ఇంకేం అనుకోవద్దు. బ్రిటన్, న్యూజిలాండ్‌లలో ఇబ్బంది లేదు. నువ్వు తిరిగే దారిలో సరిహద్దు ఏదైనా తగిలితే బయల్దేరేముందే అవతలి రూలు కనుక్కో. కొన్నిచోట్ల స్విచ్ ఆపేసి డిక్కీలో పడేసినా ఒప్పుకోరు, వస్తువూ పోతుంది, జరిమానా కూడా పడుతుంది.

ఇప్పుడు ఇది ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకో, లేకపోతే అది మోగినప్పుడు ఎందుకు మోగిందో నీకు అర్థం కాదు. పోలీసులు వేగం కొలవడానికి వాడే రాడార్ గన్ ఒక తరంగాన్ని వదులుతుంది, అది నీ కారుకి తగిలి వెనక్కి వెళ్తుంది, వెళ్లేటప్పుడు నీ వేగాన్ని బట్టి దాని ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకి అది ఎన్నిసార్లు ఊగుతుందనేది, కొంచెం మారుతుంది. ఎంత కొంచెం అంటే, సెకనుకి 2,415 కోట్ల సార్లు ఊగే తరంగంలో, గంటకి 100 కిలోమీటర్ల వేగంతో ఎదురొచ్చే కారు వల్ల వచ్చే తేడా దాదాపు నాలుగున్నర వేలు, అంతే. గన్ ఆ తేడాని కొలిచి నీ స్పీడ్ చెప్పేస్తుంది. అయితే ఆ తరంగం వచ్చి, తగిలి, తిరిగి గన్ దాకా చేరాలి, చేరేసరికి బాగా నీరసించిపోతుంది. నీ డిటెక్టర్‌కి ఆ తిప్పలు లేవు, ఒకవైపు వచ్చిన తరంగం చాలు. అందుకే గన్ నిన్ను కొలవగలిగే దూరం కన్నా చాలా ముందే డిటెక్టర్‌కి వినబడుతుంది. సాఫీగా ఉన్న రోడ్డు మీదైతే కిలోమీటర్ల దూరం నుంచి కూడా. కొండ ఎక్కి దిగే చోట, దట్టమైన చెట్ల మధ్య మలుపుల్లో ఆ దూరం బాగా తగ్గిపోతుంది, తప్పదు.

రాడార్ గన్లు వాడే ఫ్రీక్వెన్సీల పట్టీలని బ్యాండ్లంటారు, మూడు గుర్తుపెట్టుకో. ఎక్స్ బ్యాండ్ 10.5 గిగాహెర్ట్జ్ (ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి వంద కోట్ల ఊపులు) దగ్గర ఉంటుంది, పాతకాలం సరుకు, ఇప్పుడు చాలాచోట్ల పోలీసులు దాని మొహం చూడరు. మీ ప్రాంతంలో వాడట్లేదని తెలిస్తే ఆపేసెయ్, సగం గోల తగ్గుతుంది. కే బ్యాండ్ 24.1 దగ్గర. కేఏ బ్యాండ్ 33.4 నుంచి 36 దాకా, అందులోనూ అమెరికాలో గన్లు ఎక్కువగా 33.8, 34.7, 35.5 ల దగ్గర ఉంటాయి. కేఏలో పోలీసులు తప్ప వేరే ఎవరూ పెద్దగా ఉండరు. అందుకని కేఏ మోగితే ఆలోచించకుండా స్పీడ్ చూసుకో. పక్క కారులో నాసిరకం డిటెక్టర్ ఉంటే దానిలోంచి లీకయ్యే సిగ్నల్‌కి నీది అప్పుడప్పుడు కేఏ అని అరుస్తుంది గానీ, అది వేరే సంగతి.

అసలు తలనొప్పంతా కే బ్యాండ్‌దే. షాపుల ముందు వాటంతటవే తెరుచుకునే తలుపులున్నాయే, మనిషి వస్తున్నాడని అవి కనిపెట్టేది చాలావరకు కే బ్యాండ్ తరంగాలతోనే. వెనక నుంచి వచ్చే బండిని చూసి అద్దంలో లైటు వెలిగించే బ్లైండ్ స్పాట్ సెన్సర్లు చాలా కార్లలో 24 గిగాహెర్ట్జ్‌వే. కొత్త కార్లు 77కి మారుతున్నాయి, డిటెక్టర్ అటువైపు వినదు కాబట్టి వాటితో పేచీ లేదు. కానీ రోడ్డు మీద పాత సెన్సర్లున్న కార్లు ఇంకా బోలెడు. ఫిల్టర్ సరిగ్గా లేని డిటెక్టర్ పెట్టుకుంటే అలాంటి కారు పక్కన వెళ్తున్నంతసేపూ నీ చెవిలో గోలే. ఇది చికాకుతో పోయేది కాదు. నాన్నా పులి కథలో లాగా రోజంతా ఊరికే అరిచేదాన్ని నాలుగో రోజు నుంచి నువ్వే పట్టించుకోవు, అసలైన పులి వచ్చిన రోజు కూడా ‘ఆఁ, ఏదో షాపు తలుపై ఉంటుందిలే’ అనుకుంటావు. డబ్బు పెట్టి కొన్న వస్తువు అక్కడితో వృథా.

అందుకే నేనైతే రేంజ్ కోసం ఎగబడను. ఎంత దూరం నుంచి పట్టిందీ అని పోటీలు పెట్టి వీడియోలు తీస్తుంటారు, చూడ్డానికి బాగుంటాయి. పేరున్న ఏ డిటెక్టర్‌కైనా కావాల్సినంత రేంజ్ ఈరోజుల్లో ఉంటోంది. నువ్వు చూడాల్సింది అది అనవసరంగా ఎంత తక్కువ మోగుతుందీ అని. బ్లైండ్ స్పాట్ సెన్సర్లను వడకట్టే ఫిల్టర్ ఉండాలి. లోపల జీపీఎస్ ఉండాలి, ఇందులో రాజీ పడకు. జీపీఎస్ ఉంటే, రోజూ వెళ్లే దారిలో ఫలానా షాపు దగ్గర ఫలానా ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ ఉండేదే అని గుర్తుపెట్టుకుని తర్వాత నుంచి అక్కడ నోరు మూసుకుంటుంది, దీన్నే లాకౌట్ అంటారు. తక్కువ స్పీడ్‌లో ఉన్నప్పుడు తనంతట తనే మ్యూట్ అయ్యే సదుపాయం కూడా దానివల్లే వస్తుంది. ఒక్క జాగ్రత్త: కే బ్యాండ్‌లో లాకౌట్ పెట్టు, కేఏలో ఎప్పుడూ పెట్టకు. కేలో కూడా సిగ్నల్ వచ్చిన ప్రతిచోటా గబగబా నొక్కెయ్యకు, అది నిజంగా తలుపేనా అని రెండు మూడుసార్లు చూసుకున్నాక పెట్టు. అలా నొక్కిన చోటే పోలీసు అదే ఫ్రీక్వెన్సీతో నిలబడితే నీ డిటెక్టర్ మౌనవ్రతం పాటిస్తుంది మరి.

బాణం గుర్తులున్నది దొరికితే తీసుకో. సిగ్నల్ ముందు నుంచి వస్తోందా, వెనక నుంచా, పక్కనుంచా చూపిస్తాయవి. వాలెంటైన్ వన్ అనే డిటెక్టర్ 1992లో ఈ బాణాలతో వచ్చింది, ఇప్పుడు యూనిడెన్, ఎస్కార్ట్ కంపెనీల పై మోడళ్లలోనూ ఉన్నాయి. ముందు ఉన్న బాణం మెల్లగా పక్కకి, తర్వాత వెనక్కి మారితే దాటేశావని అర్థం, లేకపోతే ఎక్కడుందో తెలియక కిలోమీటర్ల పొడుగునా టెన్షన్ పడుతూ కూర్చోవాలి. రాడెన్సో కంపెనీది కూడా మంచిదే, ఫిల్టరింగ్‌కి పేరుంది. ఇక ఆన్‌లైన్‌లో చవగ్గా ‘పదహారు బ్యాండ్లు, 360 డిగ్రీలు’ అని ఊదరగొట్టేవి కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. పోలీసులు వాడే రాడార్ బ్యాండ్లే మూడు నాలుగైతే మిగతావి ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయో వాళ్లనే అడగాలి. యూరప్ వైపు వాడేటట్లయితే ఇంకో సంగతి ఉంది, అక్కడి కొన్ని కెమెరా రాడార్లు చాలా తక్కువ పవర్‌తో పనిచేస్తాయి, వాటిని గుర్తుపట్టే సెట్టింగ్ అన్ని మోడళ్లలో ఉండదు, ప్రత్యేకంగా అడిగి తెలుసుకో. వాపసు తీసుకునే షాపులోనే కొను, ఆ గడువు లోపలే నువ్వు రోజూ తిరిగే దారిలో పరీక్షించు. వేరేవాళ్ల దారిలో అది ఎలా పనిచేసిందో నీకెందుకు?

బిగించే చోటు గురించి జనం పట్టించుకోరు, సగం పనితనం అక్కడే పోతుంది. ముందు అద్దానికి పైన, రియర్ వ్యూ మిర్రర్ పక్కన, ముందుకీ వెనక్కీ అడ్డం లేకుండా, నేలకి సమాంతరంగా ఉండాలి. ముక్కు పైకెత్తి ఆకాశం చూస్తున్నట్టు పెట్టేవాళ్లని చూశాను, దానికేం వినబడుతుంది? అద్దం పైభాగంలో రంగు పట్టీ ఉంటే దాని కిందకి పెట్టు. కొన్ని కార్లలో వేడి ఆపడానికి అద్దంలోనే లోహపు పొర ఉంటుంది, అది రాడార్ తరంగాలని లోపలికి రానివ్వదు. అలాంటి అద్దాల్లో మిర్రర్ దగ్గర టోల్ ట్యాగ్ కోసం పొర లేని చిన్న చోటు వదులుతారు, కార్ మాన్యువల్‌లో ఉంటుంది, అక్కడే పెట్టాలి. అలాంటి చోటు కూడా లేకపోతే ఎంత ఖరీదైనది కొన్నా దండగ, కాబట్టి కొనేముందే మాన్యువల్ తియ్యి. నీ చూపుకి అడ్డం రాకూడదు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో ఉండకూడదు. వైరు డ్యాష్‌బోర్డ్ మీద వేలాడుతుంటే గేరు మార్చేటప్పుడు చేతికి తగులుతుంది, ఫ్యూజ్ బాక్స్ నుంచి ఇగ్నిషన్‌తో పాటు ఆన్ ఆఫ్ అయ్యేలా లాగించుకుంటే శుభ్రంగా ఉంటుంది. ఎండలో పార్క్ చేస్తే తీసి లోపల పెట్టు, వేడికి పాడవుతుంది, దొంగల కళ్లూ పడతాయి.

ఇక వాడకం. మొదటి వారాల్లో దాన్ని నమ్మకు, ఊరికే విను. మామూలు స్పీడ్‌లోనే వెళ్తూ, ఎక్కడ ఏ బ్యాండ్ వస్తోంది, ఎలా పెరుగుతోంది, ఎలా తగ్గుతోంది అని గమనించు. షాపు తలుపు సిగ్నల్ మెల్లగా మొదలై దగ్గరకెళ్తే కాస్త పెరిగి దాటగానే చప్పున చల్లారుతుంది. పోలీసు సిగ్నల్ రోడ్డు వెంబడే వస్తుంది కాబట్టి ఆగకుండా పెరుగుతూ పోతుంది. కొన్నాళ్లకి స్క్రీన్ చూడకుండానే చెవికి తెలిసిపోతుంది. సిటీ, హైవే అని మోడ్లు ఉంటాయి, ఊళ్లో సిటీలో పెట్టు, అంతకుమించి దాని గురించి చెప్పేదేం లేదు.

మోగగానే బ్రేక్ మీద నిలబడకు. వెనక ఒకడు వస్తుంటాడు. కాలు ఎత్తు చాలు, స్పీడోమీటర్ చూడు, తర్వాత రోడ్డు చూడు. ఒక్కోసారి ఖాళీ హైవే మీద ఒక్క సెకను ‘కేఏ’ అని కూసి ఆగిపోతుంది. చాలామంది దాన్ని ఏదో పొరపాటులే అని వదిలేస్తారు, వదిలెయ్యకు. పోలీసు గన్ ఆఫ్‌లో పెట్టుకుని కూర్చుని, కారు దగ్గరకొచ్చాకే ఒక్క క్షణం నొక్కుతాడు. నీకు వినబడింది నీకన్నా ముందున్న కారుని కొట్టిన చప్పుడు. ముందు కారు లేకపోతే ఆ మొదటి దెబ్బ నీకే, డిటెక్టర్ చెప్పేసరికి నీ స్పీడ్ వాళ్ల స్క్రీన్ మీద ఉంటుంది. రోడ్డు మీద అందరికన్నా ముందు నువ్వే దూసుకెళ్తుంటే ఇది నిన్ను కాపాడదు.

లేజర్ విషయంలో ఆశలు పెట్టుకోకు. లేజర్ గన్ 904 నానోమీటర్ల పరారుణ కాంతి వాడుతుంది, 300 మీటర్ల దూరంలో దాని వెడల్పు దాదాపు ఒక మీటరు. నంబర్ ప్లేట్ మీదో హెడ్‌లైట్ మీదో గురిపెట్టి కొడితే క్షణంలో సగం కూడా పట్టదు. డిటెక్టర్ లేజర్ అని అరిచిందంటే సాధారణంగా పని అయిపోయినట్టే. దీనికి విరుగుడని జామర్లు అమ్ముతారు. రాడార్ జామర్ అమెరికాలో ఫెడరల్ నేరం, లేజర్ జామర్లని కూడా చాలాచోట్ల నిషేధించారు. డిటెక్టర్ వినడం వరకే, జామర్ పోలీసు పనికి అడ్డం పడటం. వాటి ఊసు నా దగ్గర ఎత్తకు.

తరంగాలే లేని పద్ధతులు కూడా ఉన్నాయి. రెండు కెమెరాల మధ్య పట్టిన టైమును బట్టి సగటు వేగం లెక్కేసేవి నంబర్ ప్లేట్ చదువుతాయి, రోడ్డు కిందే తీగలు పాతి కొలిచేవి ఉంటాయి, వెనకే వస్తూ తన స్పీడోమీటర్‌తో నీ వేగం చూసే పోలీసు ఉంటాడు. పట్టడానికి తరంగమే లేదు కాబట్టి వీటిలో దేన్నీ డిటెక్టర్ తనంతట తను పసిగట్టలేదు. కదలని కెమెరాల్లో చాలావరకు డిటెక్టర్‌లోని జీపీఎస్ డేటాబేస్‌లో ఉంటాయి, మిగతావాటికి వేజ్ లాంటి యాప్ పక్కన పెట్టుకో. జనం చూసినవి చూసినట్టు చెప్తారు కాబట్టి రద్దీ రోడ్డు మీద యాప్ బాగా పనికొస్తుంది, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద డిటెక్టర్ పనికొస్తుంది. రెండూ ఉంటే ఒకటి వదిలింది రెండోది పడుతుంది. స్కూళ్ల దగ్గర, వానలో, రోడ్డు పనులు జరిగే చోట మాత్రం ఇవేం చెప్పినా చెప్పకపోయినా నువ్వు తగ్గించే వెళ్లాలి, అది నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

పోలీసు ఆపితే డిటెక్టర్‌ని కంగారుగా పీకి సీటు కింద దాచకు. అనుమతి ఉన్నచోట దాచాల్సిన పని లేదు, పైగా చీకట్లో నీ చెయ్యి సీటు కిందకి పోవడం చూసి వాళ్లు ఇంకేదో అనుకుంటారు. సౌండ్ ఆపేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చో.

ఇంకొక్కటి, కొన్నాక కొన్ని నెలలకోసారి కంప్యూటర్‌కి తగిలించి ఫర్మ్‌వేర్ (అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్), కెమెరా డేటాబేస్ రెండూ అప్‌డేట్ చెయ్యి. కొత్త కార్ల సెన్సర్లకి కొత్త ఫిల్టర్లు ఆ అప్‌డేట్లలోనే వస్తాయి. అప్‌డేట్ చేశాక సెట్టింగ్స్ ఒకసారి చూసుకో, కొన్నిటిలో అవి మళ్లీ మొదటికి వెళ్లిపోయి నువ్వు ఆపేసిన ఎక్స్ బ్యాండ్ కూడా తిరిగి మొదలవుతుంది.

ఉంటాను,
మామయ్య