బ్రస్సెల్స్ మసీదు దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

అమెరికా-సౌదీ స్నేహం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ ఊపులో చదువుకుంటూ పోయాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే మొదటి పేజీలోనే ఆరు చోట్ల ఆగాల్సి వచ్చింది. 'చమురు కోసం అమెరికా ఉగ్రవాదాన్ని పోషిస్తోంది' అని ఎత్తుకున్నావు. టీకొట్టు దగ్గర ఈ మాట చెల్లుతుంది. అచ్చులో అయితే ఎవరు, ఎవరికి, ఎప్పుడు ఇచ్చారని అడుగుతారు. ఆ తర్వాతి ఎనిమిది పేజీల్లో నాకు జవాబు దొరకలేదు.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్ణే. 2001లో న్యూయార్క్ దాడులు జరిగిన నెలకే ఒక పత్రికకి రాశాను. విమానాలు ఎత్తుకెళ్లిన 19 మందిలో 15 మంది సౌదీ వాళ్లు కాబట్టి డబ్బు పంపింది సౌదీ రాజధాని రియాద్‌లోని రాజభవనమే అని తేల్చిపారేశాను. సౌదీలో పనిచేసే జగిత్యాల మనిషి ఒకాయన ఉత్తరం రాశాడు. 'మా కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, ఏటా జకాత్ కింద, అంటే మతం చెప్పిన దానం కింద, డబ్బిస్తాడు సార్. అది ఎటు పోతుందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. మీకెట్ల తెలిసింది?' అని. ఇప్పటికీ ఆ ఉత్తరం నా దగ్గరుంది.

ఆయన అడిగిందే అసలు ప్రశ్న. ప్రభుత్వం వేరు, రాజకుటుంబంలో ఒక మనిషి వేరు, ధర్మసంస్థ వేరు, జేబులోంచి తీసి ఇచ్చే షావుకారు వేరు. ఆ దాడులపై అమెరికా వేసిన కమిషన్ 2004లో ఏం చెప్పిందో చూడు. సౌదీ ప్రభుత్వం ఒక సంస్థగా ఆ దాడులు చేసిన అల్ ఖైదాకి డబ్బిచ్చిందనడానికి ఆధారం దొరకలేదంది. ఆ వెంటనే, ప్రభుత్వ అండ బాగా ఉన్న ధర్మసంస్థల నుంచి డబ్బు మళ్లి ఉండే అవకాశాన్ని కాదనలేమంది. నువ్వు మొదటి సగం వదిలేశావు. నిన్ను తిట్టేవాళ్లు రెండో సగం వదిలేస్తారు. రెండూ రాయి.

విశేషణాలు తీసేసి తేదీలు పెట్టు. 2009 డిసెంబరులో హిల్లరీ క్లింటన్ అమెరికా విదేశాంగ మంత్రిగా ఉండగా ఆమె పేరుతో అమెరికా రాయబార కార్యాలయాలకి ఒక రహస్య తంతి వెళ్లింది, తర్వాత రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్‌లో బయటపడింది. ప్రపంచంలో సున్నీ ఉగ్రవాద సంస్థలకు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు సౌదీ దాతల నుంచే వస్తోందని అందులో ఉంది. 'దాతలు' అన్న మాట గమనించావా? 2010 అక్టోబరులో అదే ప్రభుత్వం అదే దేశానికి సుమారు 6,000 కోట్ల డాలర్ల ఆయుధాలు అమ్ముతామని కాంగ్రెస్‌కి తెలియజేసింది. మధ్యలో పది నెలలు. 'కపటం', 'ద్వంద్వనీతి' అని నువ్వు ఎన్నిసార్లు రాసినా ఆ పది నెలలంత గట్టిగా తగలవు.

ఇక ఎత్తుగడ. 1945 ఫిబ్రవరిలో సూయజ్ కాలువ దగ్గర అమెరికా యుద్ధనౌక క్విన్సీ మీద అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, సౌదీ రాజు అబ్దుల్ అజీజ్ కలుసుకున్న చోట మొదలుపెట్టావు. అందరూ అక్కడే మొదలుపెడతారు. చమురుకి బదులు రక్షణ అన్న బేరం ఆ రోజే కుదిరిందని రాసేస్తారు. ఆ సంభాషణ రికార్డు తీసి చూస్తే అందులో ముఖ్యంగా ఉన్నది యూదు శరణార్థుల గురించి, పాలస్తీనా గురించి. (రాజుగారు తన వెంట గొర్రెల్ని కూడా ఓడెక్కించారు. రాయాలని నీ చెయ్యి దురద పెడుతుంది. వద్దు.)

బ్రస్సెల్స్‌లో మొదలుపెట్టు. యూరోపియన్ యూనియన్ ఆఫీసులకి నడిచిపోయేంత దూరంలో ఒక పార్కు, అందులో ఒకప్పుడు కైరో నగరం వర్ణచిత్రాన్ని ప్రదర్శించడానికి వాడిన పాత భవనం. సౌదీ రాజు ఫైసల్ 1967లో వచ్చినప్పుడు బెల్జియం రాజు దాన్ని మసీదు కోసం ఆయనకి అప్పగించాడు. 1969లో 99 ఏళ్ల లీజు రాశారు. చమురు కోసమేనని తర్వాత చాలామంది అన్నారు. నువ్వు కూడా 'అన్నారు' అనే రాయి. అప్పటికి బెల్జియం బొగ్గు గనుల్లోకి మొరాకో నుంచి కూలీలొస్తున్నారు, 1964లో ఒప్పందం కూడా చేసుకున్నారు. వాళ్ల ఊళ్లలో మతం నడిచే తీరు వేరు. ఇక్కడ వాళ్ల పిల్లలకు చెప్పడానికి వచ్చింది సౌదీ పద్ధతి. ఆ కూలీల్ని ఎవరూ అడగలేదు. 2016 మార్చిలో ఆ నగరంలో బాంబులు పేలి 32 మంది చనిపోయారు. వాళ్లని చంపినవాళ్లు ఆ మసీదులో తయారయ్యారని ఎవరూ తేల్చలేదు. అక్కడి బోధన మాత్రం తీవ్రవాదానికి దారి తీయగలదని బెల్జియం పార్లమెంటు కమిటీ అంది, లీజు రద్దు చెయ్యమంది. 2018లో రద్దుచేశారు. ఒక్క భవనంలో నీ వ్యాసమంతా ఉంది: చమురు, కూలీ, రాజుల మర్యాద, యాభై ఏళ్ల మౌనం.

అఫ్గానిస్తాన్ భాగం ఒక పేరాకి కుదించు. అక్కడ సోవియట్ సైన్యంతో పోరాడినవాళ్లకి అమెరికా ఒక డాలరిస్తే సౌదీ మరో డాలరు కలిపిందన్న సంగతి చాలు. ప్రచ్ఛన్నయుద్ధంలో మిత్రదేశాలు అడిగితేనే విదేశాల్లో మసీదులకీ మదర్సాలకీ డబ్బు పెట్టామని 2018లో సౌదీ యువరాజు అన్న మాట దాని పక్కన పెట్టు. ఆయనకి ఆ మాట అనడంలో సొంత లాభం ఉందని కూడా చెప్పు.

రెండో పేజీలో 'ముస్లిం దేశాలు' అన్నావు, అది కొట్టేశాను. నీ వ్యాసాన్ని కడపలోనో నిజామాబాదులోనో గల్ఫ్ డబ్బుతో స్లాబు వేసుకున్న ఇంట్లో కూర్చుని చదువుతారు. రాజు చేసిన సంతకానికి వాళ్లు జవాబు చెప్పుకోవాల్సిన పని లేదు.

గుర్తులు పెట్టిన కాపీ కొరియర్‌లో పంపుతున్నాను. ఏడో పేజీలో కువైట్‌నీ ఖతార్‌నీ సౌదీనీ ఒకే గాటన కట్టావు, అక్కడ మాత్రం పెన్ను వాడాల్సొచ్చింది. 2017 జూన్‌లో ఖతార్ తీవ్రవాదులకు డబ్బిస్తోందని వెలివేసిన వాళ్లలో సౌదీయే ముందుంది. ట్రంప్ ఆ మాటకి వంతపాడాడు. అదే నెలలో అమెరికా ఖతార్‌కి 1,200 కోట్ల డాలర్ల యుద్ధవిమానాలు అమ్మడానికి సంతకం పెట్టింది. దీనికి వేరే వ్యాసం కావాలి, ముందు ఇది ముగించు.

మీ మాస్టారు